నూట ఎనిమిది బిరుదుల ప్రతివాది

ఒకానొక రాజ్యంలో, తూర్పు పొలిమేరలో గుర్రమెక్కినవాడు పడమటి పొలిమేరలో దిగడానికి ఎంతసేపు పట్టేదో, ఆ రాజ్యాన్నేలే ప్రభువు బిరుదులన్నీ చదవడానికి కూడా అంతసేపే పట్టేది. అక్షరాలా ఘడియన్నర. గుర్రం కాస్త మంచిదైతే బిరుదులే వెనకబడేవి.

ఆ రాజ్యం పేరు కుందనగిరి. ప్రభువు రణధీరరాయలు. ఆయన చూసిన రణమల్లా కోడిపందెం. చూపిన ధీరత్వమల్లా, ఓడిన కోడి తమదేనని తెలిసినా ముఖం చిట్లించకపోవడం. అయినా బిరుదులు మాత్రం నూట ఎనిమిది.

ఆ నూట ఎనిమిదింటినీ ప్రతి ఉదయం కొలువులో కంఠోపాఠంగా చదివేవాడు ఔబళభట్టు. అయిదు తరాలుగా ఆ వంశం వారిది రాజద్వారాన కైవారం చదివే కొలువు. ముత్తాతగారు చదివినవి ఎనిమిది బిరుదులు. తాతగారి నాటికి అవి పదహారయ్యాయి. తండ్రిగారు ముప్ఫై రెండు దగ్గర ఆపి, "నాయనా, ఊపిరి దేవుడిచ్చింది, సమాసం మనం చేసుకున్నది. రెండూ ఒకటే పొడుగుంటాయని భ్రమపడకు" అని చెప్పి మరీ కన్నుమూశారు.

ఔబళభట్టు పండితుడు. పండితుడికి తండ్రి మాట చెవి దాకా వెళుతుంది. సమాసమైతే తలకే ఎక్కుతుంది. కొలువులో చేరింది మొదలు ఏటా పట్టాభిషేక దినాన నాలుగేసి కొత్త బిరుదులు కూర్చి ప్రభువుకు సమర్పించాడు. పందొమ్మిదేళ్లు గడిచేసరికి ముప్ఫై రెండు కాస్తా నూట ఎనిమిదయ్యాయి. ఏ శత్రువూ బలవంతపెట్టలేదు. ప్రభువైనా అడగలేదు. అంతా స్వయంకృతం.

చదివే పద్ధతి కూడా సామాన్యమైనది కాదు. ప్రభువు చలువ పందిరి కింద, దిండ్ల మీద ఆనుకుని వింటారు. కైవారం చదివేవాడు ముంగిట్లో ఎండన నిలబడి, ఎడమచేత వెండిపొన్ను కర్ర పట్టుకుని, కుడిచెయ్యి ఆకాశానికెత్తి, ఆ చెయ్యి దించకుండా, గొంతు తెగకుండా చదవాలి. మధ్యలో తెగితే అశుభం. మళ్లీ మొదటి బిరుదు నుంచి ఎత్తుకోవాలి. ఈ నియమాన్ని కూడా ఔబళభట్టే కొలువులో చేరిన రెండో యేట, కొత్త ఉత్సాహంలో, చక్కని పద్యంగా రాసి ప్రభువు చేత ముద్ర వేయించాడు.

"ఉరితాడు పేనుకున్నవాళ్ల గురించి విన్నాను గాని, దానికి జరీ అంచు కూడా కుట్టుకున్నవారిని మిమ్మల్నే చూశాను" అనేది ఆయన భార్య చెన్నమాంబ. అలా అంటూనే ప్రతి ఉదయం అల్లం, మిరియాలు దంచి కషాయం కాచి ఇచ్చేది. ఆ కషాయం మీదే కుందనగిరి రాజలాంఛనం నిలిచి ఉందని ఆమెకు తప్ప మరెవరికీ తెలియదు.

ఒకసారి చెన్నమాంబ పుట్టింటికి వెళ్లింది. సరిగ్గా ఆ మర్నాడే పొరుగు రాజ్యపు రాయబారి కొలువుకు వచ్చాడు. ఔబళభట్టు కషాయం లేని గొంతుతో, కర్ర పుచ్చుకుని, చెయ్యెత్తి మొదలుపెట్టాడు. డెబ్బై ఒకటి దాకా గంగాప్రవాహమే. డెబ్బై రెండో బిరుదు, "రిపుసేనా సముద్ర బడబానలుడు". శత్రుసైన్యమనే సముద్రాన్ని తాగేసే అగ్నిహోత్రుడని దాని భావం.

"రిపుసేనా సముద్ర..." అన్నాడు. దగ్గు వచ్చింది.

పొడి దగ్గు. ఒక్కటే. కాని అది వచ్చిన చోటు మంచిది కాదు. 'శత్రుసైన్యమనే సముద్రాన్ని' అని, ఒక్క క్షణం ఆగి, దగ్గితే, దగ్గినట్టు ఉండదు, సందేహించినట్టు ఉంటుంది. రాయబారికి నవ్వాగలేదు. ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు గాని భుజాలు ఆపుకోలేకపోయాడు.

రణధీరరాయల ముఖం కందగడ్డలా అయింది. రాయబారి సెలవు తీసుకోగానే ఔబళభట్టును పిలిపించారు.

"భట్టూ! నువ్వు దగ్గలేదు. వెక్కిరించావు."

"శివశివా! గొంతులో గరగర, ప్రభూ."

"డెబ్బై ఒక్క బిరుదులకు రాని గరగర, మా పరాక్రమం దగ్గరికి వచ్చేసరికి వచ్చిందా? కావాలని దగ్గావు. నీకిక మా కొలువు లేదు."

పక్కన నిలబడ్డ మంత్రి గుండయ ప్రెగ్గడ మీసం సవరించుకుంటూ ముందుకు వచ్చి, ఔబళభట్టు చేతిలోంచి వెండిపొన్ను కర్ర లాక్కున్నాడు. "రేపటి నుంచి మా బావమరిది చదువుతాడు లెండి. కుర్రవాడు గాని, గొంతు కంచు" అన్నాడు. ఆ బావమరిదికి నలభై రెండేళ్లు.

అయిదు తరాల చేతులు పట్టుకుని నున్నగా అరిగిన కర్ర అది. అది లేని ఎడమచేతిని ఏం చేసుకోవాలో తెలియక, ఔబళభట్టు ఇల్లు చేరేదాకా వీపు వెనక దాచుకుని నడిచాడు.

చెన్నమాంబ తిరిగి వచ్చి సంగతి విని, "ఇప్పుడేం చేస్తారు?" అంది.

"ధర్మాసనానికి వెళతాను."

"ఎవరి మీద?"

"రాజుగారి మీదే."

"రాజుగారి మీద, రాజుగారి న్యాయస్థానంలోనా?"

"వారి తాతగారు వేయించిన శాసనముంది. ధర్మాసన మండపం ముందు రాతి మీద చెక్కి ఉంది. కొలువు చేసేవాడు ఎవరి మీదనైనా, ప్రభువు మీదనైనా, అభియోగం తేవచ్చు. ప్రతివాది ఎంతటివాడైనా గొడుగూ చెప్పులూ విడిచి, గడప అవతల నిలబడాలి. బిరుదులతో సహా పూర్తి పేరు పెట్టి మూడుసార్లు, మధ్యలో తెగకుండా పిలిచాకనే లోపలికి రావాలి."

ఔబళభట్టు నాలుగు రోజులు కూర్చుని అభియోగపత్రం రాశాడు. అరవై నాలుగు తాటాకులయ్యాయి. సరస్వతీ స్తుతి, సుకవి ప్రశంస, కుందనగిరి పురవర్ణన, తన వంశావతారం, అన్నీ కుదిరాయి. చెన్నమాంబకు చదివి వినిపించాడు. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ ఓపికగా విని అడిగింది.

"బాగానే ఉంది. ఇందులో దగ్గు ఎక్కడొస్తుంది?"

"నలభై ఏడో ఆకులో."

"న్యాయాధికారిగారు అక్కడికి వచ్చేసరికి ఆయనకే దగ్గు వస్తుంది. ఇవతల పెట్టండి. నేను చెప్పింది రాయండి. 'నేను దగ్గాను. కావాలని దగ్గలేదు. నా కొలువు నాకిప్పించండి.' అంతే."

"అంతేనా! కనీసం ఒక్క ఉపమాలంకారమైనా..."

"మీకు కొలువు కావాలా, ఉపమాలంకారం కావాలా?"

ఔబళభట్టు చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించవలసి వచ్చినందుకు తనకే సిగ్గేసి, ఒక్క ఆకు మీద మూడు వాక్యాలు రాశాడు. జీవితంలో అంత కష్టపడి ఏమీ రాయలేదు.

ధర్మాసనానికి పెద్ద కేశవ సోమయాజి. నియమం తప్పని మనిషి; గడపలో చీమ పాకినా శాసనం ఏమంటుందో చూసేవాడు. ఆయన ఆ ఆకును చదివి, అటూ ఇటూ తిప్పి, "ఇది మీ రాతేనా భట్టుగారూ?" అని మాత్రం అడిగాడు. పిలుపు తానే రాజనగరుకు పట్టుకెళ్లాడు.

"మా ఉప్పు తిని మా మీదే అభియోగమా!" అని రణధీరరాయలు సింహాసనం మీద నుంచి లేచారు.

"పట్టించుకోవద్దు ప్రభూ, ఆ ఆకు చింపేద్దాం" అన్నాడు ప్రెగ్గడ.

పిలుపు తెచ్చిన సోమయాజి చేతులు కట్టుకుని, "తప్పకుండా చింపవచ్చు. అయితే తొమ్మిదో బిరుదు 'ధర్మాసన వినతమస్తకుడు', ధర్మాసనానికి తలవంచేవాడు అని ఉంది. దాన్ని కొట్టివేయించవలసి ఉంటుంది. ఇకమీదట నూట ఏడు" అన్నాడు.

రాయలవారు కూర్చున్నారు. కోట పోయినా సహిస్తారేమో గాని బిరుదు పోతే సహించరు. "వస్తాం" అన్నారు.

ఔబళభట్టు లెక్క వేసింది కూడా అదే. విచారణ నాటి ఉదయం భార్యకు తన ఎత్తు వివరించాడు. "రాజుగారు పొట్టి పిలుపుకు ఒప్పుకోరు. బిరుదులన్నీ కంఠస్థంగా వచ్చింది నా ఒక్కడికే. కాబట్టి పిలిచేవాణ్ణి నేనే. డెబ్బై రెండో బిరుదు దగ్గర దగ్గుతాను. పిలుపు తెగుతుంది. మొదటి నుంచి అంటారు సోమయాజి. ప్రతివాది నిలబడే బండ ఎండకు కాలుతూ ఉంటుంది. 'దగ్గితే ఏమైందోయ్, మనిషన్నవాడు దగ్గడా, కానీయ్!' అని ప్రభువు నోటితోనే వస్తుంది. ఇక వాదం దేనికి?"

"ఇన్నాళ్లకు మీ బుర్ర పనిచేసింది" అని చెన్నమాంబ సంతోషంతో లోపలికి వెళ్లి, వేడివేడి కషాయం తెచ్చి ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ చివరి చుక్క దాకా తాగాడు. పందొమ్మిదేళ్ల అలవాటు. ఆమెకు గుర్తురాలేదు, ఆయనకూ గుర్తురాలేదు. మండపం మెట్లెక్కుతూ ఒకసారి గొంతు సవరించుకోబోతే, అది శంఖంలా పలికింది. అప్పుడు గుర్తొచ్చింది. కషాయం!

ధర్మాసన మండపం వాకిలి పడమటి దిక్కుకు. గడప అవతల ఒక నల్లటి బండ. ప్రతివాది దాని మీద, మండపానికి ఎదురుగా, అంటే తూర్పు ముఖంగా నిలబడాలి. రాయలవారు గొడుగూ పావుకోళ్లూ విడిచి బండ మీద నిలబడ్డారు. ఇంకా మండపం నీడే ఉంది. పట్టణమంతా అక్కడే ఉంది.

"ప్రభువుల సౌకర్యార్థం 'రణధీరరాయలు' అని మూడుసార్లు పిలిస్తే చాలునేమో" అన్నాడు ప్రెగ్గడ మెల్లగా.

"ఏమన్నావూ?" అన్నారు రాయలవారు. "ఉత్త పేరుతో పిలిపించుకోవడానికి మేమేమైనా దోసకాయలు అమ్ముతున్నామా? నూట ఎనిమిదీ ఉండాలి!"

ముందు ప్రెగ్గడ బావమరిదిని పిలిచారు. ఇన్నాళ్లలో అతడికి వచ్చినవి పందొమ్మిది బిరుదులు. అందులో పన్నెండోది రెండుసార్లు చదివి, పదిహేనోది మరిచి, చెమటలు కక్కుతూ స్తంభం చాటుకు పోయాడు. సోమయాజి ఇబ్బందిగా వాది వైపు చూశాడు.

"భట్టుగారూ, ప్రతివాదిని మీరే పిలవవలసి ఉంటుంది."

ఔబళభట్టు గడప మీద నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన నీడపట్టున ఉన్నాడు. ప్రభువు ముంగిట్లో ఉన్నారు.

మొదటి పిలుపు మొదలైంది. ఏం చెప్పాలి! ఆనాడు ఆ కంఠం పలికినట్టు మరెన్నడూ పలకలేదు. తాను కూర్చిన సమాసాలు తనకే కొత్తగా వినిపించాయి. నలభై మూడోదానిలో ఆ యతి ఎంత ఒడుపుగా పడింది! అరవైలో ఆ 'రకారం' ఏమి గంభీరం! ఆ మైమరపులో ఒక్కసారి ఉలిక్కిపడి చూసుకుంటే ఎనభై ఒకటో బిరుదులో ఉన్నాడు. దగ్గవలసిన చోటు తొమ్మిది బిరుదుల వెనక ఉండిపోయింది.

స్త్రీల వరుసలో చెన్నమాంబ నుదురు కొట్టుకుంది.

ఆ ప్రవాహంలోనే నూట నాలుగోది వచ్చింది: "మార్తాండ మండల సమానతేజుడు". సూర్యబింబంతో సరితూగే తేజస్సు గలవాడు. ఆ బిరుదు చదువుతున్నంతసేపూ ప్రభువు తలెత్తి, చూపు మరల్చకుండా సూర్యుడికి నమస్కరించాలన్నది ఆచారం. చలువ పందిరి కింద అయితే పందిరి గుడ్డకే నమస్కరించేవారు. ఇక్కడ మండపం కప్పుకు నమస్కరించారు. సూర్యుడింకా దాని వెనకే ఉన్నాడు.

రెండో పిలుపు. ఈసారి డెబ్బై రెండును గట్టిగా పట్టుకోవాలనుకున్నాడు. అరవై తొమ్మిది నుంచే గొంతును సిద్ధం చేశాడు. "రిపుసేనా సముద్ర..." అని దగ్గుకు నోరు తెరిచాడు. సరిగ్గా ఆ క్షణాన పండితుడి బుర్రలో పిడుగులాంటి ఆలోచన పడింది. ఇప్పుడు తాను దగ్గబోయేది కావాలనే కదా! కావాలని దగ్గడం తనకు చేతనైతే, కావాలనే దగ్గాడన్న ప్రభువు మాట నిజమే కదా! తన అభియోగానికి తానే ఎదుటి పక్షపు సాక్షి అవుతున్నాడు.

నలుగురికీ నిమిషంలో తట్టే తర్కం. షట్శాస్త్ర పండితుడికి తట్టడానికి ఇన్ని రోజులు పట్టింది.

తెరిచిన నోటిని వ్యర్థం చేయకుండా "బడబానలుడు" అనేశాడు. లోపల మాత్రం మునిగిపోతున్నాడు. ఎత్తు చిత్తయింది. ఇంకొక్క పిలుపు. ఆ తరవాత ప్రభువు లోపలికి వచ్చి 'వీడు వెక్కిరించాడు' అంటారు. తాను 'లేదు' అంటాడు. రాజు మాటకూ కైవారం చదివేవాడి మాటకూ తేడా వస్తే పలుకుబడి ఎటుంటుందో చెప్పడానికి శాస్త్రాలు చదవనక్కరలేదు. ఎడమచెయ్యి తనంతట తానే లేని కర్రను వెతుక్కుంది.

అప్పటికి సూర్యుడు మండపం కప్పు అంచుకు వచ్చాడు. నూట నాలుగో బిరుదు రాగానే రాయలవారు తలెత్తి నమస్కరించారు. వారి ముక్కు కొన ఒకసారి అదిరింది. నాసాపుటాలు వెడల్పయ్యాయి. కళ్లు సగం మూతపడ్డాయి. అంతలో బిరుదు అయిపోయింది. ప్రభువు గబుక్కున తల దించి ముక్కు నులుముకున్నారు.

ఎండలోకి చూస్తే తుమ్ము వచ్చే మనుషులుంటారు. పందొమ్మిదేళ్లు ఎదురెదురుగా నిలబడ్డా ఈ సంగతి ఔబళభట్టుకు తెలియదు. ఎండలో ఉన్నది ఎప్పుడూ తానే కాబట్టి. ఇప్పుడు తెలిసింది. నూట అయిదు మొదలుకొని మిగిలిన నాలుగు బిరుదులూ ఆయన చదివిన తీరులో కొత్త ఉత్సాహం వినిపించిందని పట్టణంలో సంగీతం తెలిసినవారు తరవాత చెప్పుకున్నారు.

మూడో పిలుపు. మండపం నీడ గడప దాకా ముడుచుకుపోయింది. బండ పెనమైంది. ముప్ఫై దగ్గర రాయలవారు కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద పెట్టారు. నలభై దగ్గర ఎడమకాలు ఎత్తారు. అరవై దగ్గర ఆయన కళ్లు, జీవితంలో మొదటిసారి, 'ఇంకా ఎన్ని?' అని అడిగాయి. ఎనభై దగ్గర పెదవులు కదిలాయి: "ఇన్నెందుకు పెట్టావయ్యా?"

మంచి ప్రశ్న. ఔబళభట్టు ఎనభై ఒకటి ఎత్తుకుని, చెయ్యి దించకుండా చదివాడు.

నూట మూడు. ప్రభువు ముఖంలో ఒడ్డు కనిపించిన ఈతగాడి ఆనందం. నూట నాలుగు.

"మా... ర్తాం... డ..."

ఔబళభట్టు ఆ బిరుదును సాగదీశాడు. తాతల నాటి రాగాలన్నీ దాని మీద కుప్పపోశాడు. తెంపలేదు, ఆపలేదు, నిదానించాడు. బిరుదు ముగిసేదాకా చూపు దించకూడదు. నడినెత్తికి వస్తున్న సూర్యుడి వైపు కుందనగిరి ప్రభువు కళ్లు చికిలిస్తూ చేతులు జోడించి నిలబడ్డారు. ముక్కు అదిరింది.

"మం... డ... ల..."

నాసాపుటాలు వెడల్పయ్యాయి. నోరు తెరుచుకుంది.

"స... మా... న..."

"హా... హ్... హాఛ్!"

మండపం కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అయిదడుగుల దూరంలో ఉన్న ప్రెగ్గడ తలపాగా పక్కకు ఒరిగింది.

సోమయాజి శాసనపు నకలు తీసి, వేలు పెట్టి చదివి, విచారంగా తలూపాడు. "పిలుపు తెగింది. ఎవరివల్ల తెగినా తెగినట్టే. మొదటి బిరుదు నుంచి."

"ఏమిటీ!" రాయలవారు రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తబోయి తూలారు. "ఇంకా నాలుగే ఉన్నాయి!"

"నియమం, ప్రభూ."

ప్రెగ్గడ తలపాగా సర్దుకుని ముందుకు దూకాడు. "అయ్యా సోమయాజిగారూ, ప్రభువులు తుమ్మడమేమిటి! అది సింహగర్జన!"

"ఓహో" అన్నాడు సోమయాజి గంటం అందుకుంటూ. "గర్జన అంటే కావాలని చేసేది. విచారణకు కావాలని భంగం కలిగిస్తే ప్రతివాది సూర్యాస్తమయం దాకా బండ మీదే..."

"నోరు మూసుకో ప్రెగ్గడా!" అని అరిచారు రాయలవారు. "తుమ్మే! ఉత్త తుమ్ము! వట్టి తుమ్ము!"

ఔబళభట్టు అప్పుడు చెయ్యి దించాడు. గడప దిగి, కాలే బండ దగ్గరికి వచ్చి, చేతులు జోడించాడు.

"ఏలినవారు మన్నించాలి. వాదిగా ఒక్క సందేహం. నూట మూడు బిరుదులకు రాని తుమ్ము సరిగ్గా సూర్యుడితో పోల్చేసరికి వచ్చింది. వినేవారు అపార్థం చేసుకోరూ? ప్రభువులు సూర్యభగవానుణ్ణి వెక్కిరించారని రేపెవరైనా అంటే?"

"ఎవడా మాట అనేది! వాడి నాలుక చీరేస్తాం! తుమ్మనేది మనిషి చేతిలో ఉంటుందటయ్యా?"

"మరి దగ్గో, ప్రభూ?"

రాయలవారు నోరు తెరిచారు. ఒకసారి సోమయాజి వైపు చూశారు. ఆయన గంటం ఆకు మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. ఒకసారి జనం వైపు చూశారు. ఆ తరవాత తమ పాదాల వైపు చూసుకున్నారు. నూట ఎనిమిది బిరుదుల మహారాజు, చెరువులో కొంగలా, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"దగ్గు కూడా..." అన్నారు మెల్లగా, "అంతే."

"రాసుకున్నాను" అన్నాడు సోమయాజి. "ప్రతివాది ఒప్పుకున్నారు. వాది కొలువు వాదికి. విచారణ ముగిసింది. ప్రభువులు బండ దిగవచ్చు."

బండ దిగిన రాయలవారు గడప మీద కూలబడి, అరికాళ్లు చూసుకుంటూ, మొదట చిన్నగా, ఆ పైన పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు.

"ఓరి భట్టూ! పందొమ్మిదేళ్లుగా నువ్వు రోజూ ఇంతసేపు, ఈ ఎండలో, ఆ చెయ్యెత్తి నిలబడుతున్నావా? ఒక్కమాటైనా అనలేదేం?"

"ఏమని అనేది ప్రభూ? ఆ బిరుదులు కూర్చింది నేను. ఆ నియమం పద్యంలో రాసింది నేను. ఎవరి మీద అభియోగం తేవాలన్నా ముందు నన్నే బండ మీద నిలబెట్టాలి."

రాయలవారు మళ్లీ నవ్వారు. ప్రెగ్గడ చేతులతోనే వెండిపొన్ను కర్ర తిరిగి ఇప్పించారు. చదివేవాడికి కూడా చలువ పందిరి కింద చోటు, కూర్చోవడానికి పీట, పక్కన చెంబుతో మజ్జిగ, దగ్గు వస్తే ఆగిన చోటి నుంచే ఎత్తుకునే హక్కు, ఇవన్నీ అక్కడికక్కడే ఆజ్ఞాపించారు.

"ఇక బిరుదులు తగ్గించు. పదకొండు చాలు. ఏవి ఉంచాలో నువ్వే చెప్పు."

ఔబళభట్టు ముఖం వాడిపోయింది. "తొంభై ఏడు తీసెయ్యాలా ప్రభూ? ఆ నలభై మూడోదానిలో యతి..."

"చూశారా సోమయాజిగారూ!" అన్నారు రాయలవారు. "మా మీద గెలిచాడు గాని, తన మీద తాను ఓడిపోయేటట్టున్నాడు. సరే భట్టూ, బాధపడకు. మా దగ్గర తీసేసినందుకు బదులుగా నీకొకటి ఇస్తాం." ఆయన కాసేపు ఆలోచించి, పండితుడికి పండితుడి బాణీలోనే ప్రసాదించారు: "నిర్వ్యాజ కాస భూషణుడు!" కపటం లేని దగ్గే అలంకారంగా గలవాడు. జనం చప్పట్లు చరిచారు. పట్టుశాలువా వచ్చింది. ఔబళభట్టు ఆనందంతో వంగి నమస్కరించి, అంతటితో ఊరుకోలేక, "దానికి ముందు 'కుందనగిరి ధర్మాసన ప్రాంగణ' అని చేరిస్తే ఇంకా నిండుగా ఉంటుంది ప్రభూ" అన్నాడు. రాయలవారు నవ్వు ఆపుకోలేక, చేర్చుకోమని చేత్తో సైగ చేశారు.

తోవ పొడుగునా ఆ బిరుదుకు ఇంకో రెండు విశేషణాలు తగిలించుకుంటూ ఔబళభట్టు ఇల్లు చేరాడు. జనంలోంచి ముందే వచ్చేసిన చెన్నమాంబ గుమ్మంలో ఎదురైంది. ఆయన శాలువా సవరించుకుని, కర్ర నేలకు ఆనించి, కొత్త బిరుదు మొత్తం వినిపించి, గడప దాటబోయాడు.

"ఆగండాగండి" అంది చెన్నమాంబ. "ఎంతటివారైనా పూర్తి పేరుతో మూడుసార్లు పిలవందే గడప దాటకూడదు. శాసనం."

"అయితే పిలువు."

"పొయ్యి మీద పప్పు ఉంది. దించి వచ్చి పిలుస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది. ఔబళభట్టు గుమ్మం బయట, మధ్యాహ్నపు ఎండలో, ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురింటివాళ్లు చూసి నవ్వుకున్నారు. లోపల పోపు చిటపటలాడింది.

"ఏమండోయ్! కంచం పెట్టాను."

ఒక్కటే పిలుపు. ఒక్కటే మాట. ఆయన మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లి పీట మీద కూర్చున్నాడు.